ఎక్స్‌రే బాగుందన్నా మణికట్టు ఎందుకు నొప్పి పుడుతుంది?

కాజీపల్లి పారిశ్రామికవాడలో నిచ్చెన మీంచి జారిన మనిషి ఏం చేస్తాడు? చప్పున అరచేయి నేలకు ఆనిస్తాడు. ఒంటి బరువంతా మణికట్టులోని 8 చిన్న ఎముకల మీద పడుతుంది. వాటిలో ఎక్కువగా విరిగేది బొటనవేలి వైపున్న స్కాఫాయిడ్.

పగులు సన్నగా ఉంటే మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. అందుకే డాక్టరు బొటనవేలు పైకెత్తించి, దాని మొదట్లో పడే గుంటను నొక్కి చూస్తారు. అక్కడ నొప్పి ఉంటే కట్టు వేసి, 10–14 రోజులకు మళ్లీ ఎక్స్‌రే తీయిస్తారు. లేదా ముందే ఎంఆర్‌ఐ చేయిస్తారు. ఎందుకింత పట్టుదల? ఈ ఎముకకు రక్తం చాలావరకు వేళ్ల వైపు నుంచి వెనక్కి పారుతుంది. నడుమ విరిగితే మోచేతి వైపు ముక్కకు రక్తం అందక అది అతకకపోవచ్చు, చచ్చుబడిపోవచ్చు కూడా.

ఇంకా అరుదైనది, ఆ 8 ఎముకల్లోనే మరొకటైన లూనేట్ కీలు తప్పడం. ఎదురుగా తీసిన ఎక్స్‌రేలో ఇది కంటికి దొరక్కుండా పోవచ్చు. పక్క నుంచి తీస్తే మాత్రం ఒరిగిన టీ కప్పులా కనిపిస్తుంది. చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కితే నరం నొక్కుకుంటోందేమోనని వెంటనే అనుమానించాలి.

మీ ఇంట్లో ఎవరైనా అలా పడితే, బెణికిందిలే అని పసుపు పట్టు వేసి ఊరుకోనివ్వకండి. ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.