ఏలూరుకు రెండు కాలువలు – కళాశాలకు రెండు దారులు

ఏలూరు పట్టణానికి ఒక విశిష్టత ఉన్నది. విజయవాడ నుండి వచ్చే కృష్ణా కాలువ, విజ్జేశ్వరం నుండి వచ్చే గోదావరి కాలువ ఇచ్చటనే కలుస్తాయి. ఒక ఊరికి రెండు నదుల నీరు అందడం ఎంతటి భాగ్యమో డెల్టా రైతుకు వేరుగా చెప్పనక్కరలేదు. నేటి విద్యాసంస్థకు ఇంటర్నెట్ విషయంలో కూడ ఇట్టి భాగ్యమే అవసరము. దానిని సాధించే విధానమును పాఠకులకు వివరించుటయే ఈ వ్యాసంలో మా ప్రయత్నం.

పెదవేగిలో ఒక కళాశాల ఉన్నదని భావించుదాం. ప్రవేశాల కౌన్సెలింగు, ఉపకార వేతనాల దరఖాస్తులు, పరీక్షల రుసుములు సమస్తమూ ఇంటర్నెట్ ద్వారానే సాగుతున్నవి. ఉన్నది ఒకే కంపెనీ తీగ. గడువు ముగిసే దినమున రోడ్డు తవ్వే యంత్రం ఆ తీగను తెంచినచో నష్టపోయేది పేద విద్యార్థియే. కాబట్టి రెండు కంపెనీల తీగలు ఉండుట మేలు. అయితే తీగలు తెచ్చినంత మాత్రాన పని పూర్తి కాదు.

సులభమైన పద్ధతి ఒకటి కలదు. రెండు తీగలను ఒకే రూటరుకు కలిపి, ఒకటి తెగినచో రెండవదానికి మరలేటట్లు ఏర్పాటు చేయవచ్చు. ఖర్చు స్వల్పం. కాని ఏ కంపెనీ చిరునామాలు ఆ కంపెనీవే. తీగ మారగానే చిరునామా మారుతుంది. జరుగుతున్న పని మధ్యలో తెగుతుంది. కళాశాల సర్వరును పాత చిరునామాలో వెతికే బయటివారికి అది దొరకదు.

ఈ లోపాన్ని తీర్చునది బోర్డర్ గేట్‌వే ప్రోటోకాల్, అనగా బి.జి.పి. కర్క్ లౌహీడ్, యాకోవ్ రెక్టర్ అను ఇంజనీర్లు 1989లో దీనికి రూపకల్పన చేశారు. దీనికి సంస్థకు సొంత చిరునామాల సముదాయము, ఏ.ఎస్. నంబరు అనే గుర్తింపు సంఖ్య ఉండాలి. మన దేశంలో ఇర్రిన్ అను సంస్థ వీటిని కేటాయిస్తుంది. ఐ.పి. నాల్గవ రూపంలో 256 చిరునామాల కంటె చిన్న సముదాయాన్ని ఇతర నెట్‌వర్కులు సాధారణంగా అంగీకరించవు.

ఇక పని జరిగే తీరు. కళాశాల రూటరు తన చిరునామాలను రెండు కంపెనీలకు ప్రకటిస్తుంది. ప్రతి కంపెనీ తన సంఖ్యను చేర్చి ఆ ప్రకటనను పొరుగువారికి అందజేస్తుంది. సంఖ్యల వరుస పొట్టిగా ఉన్న దారి సాధారణంగా ఎన్నికవుతుంది. పొరుగు రూటరు నుండి నియమిత కాలం, సాధారణంగా 90 లేక 180 సెకన్లు, పలుకు లేనిచో ఆ దారి రద్దవుతుంది. లోకమంతా రెండవ దారిన వస్తుంది. చిరునామా మాత్రం మారదు.

ఇచ్చట ఒక భేదం గమనించాలి. బయటకు పోయే దారిని మనమే నిర్ణయించగలం. లోపలికి వచ్చే దారి ఇతరుల చేతిలో ఉన్నది. ఒక వైపు మన సంఖ్యను పలుమార్లు చేర్చి, ఆ దారిని పొడవుగా చూపి, రెండవ దారిని సూచించగలమే గాని శాసించలేము.

ప్రమాదమూ లేకపోలేదు. బుడమేరు, తమ్మిలేరు మొదలైనవి తెచ్చే నీటికంతటికీ కొల్లేరు నుండి సముద్రానికి దారి ఉప్పుటేరే. వరద వచ్చిన ఏట లంక గ్రామాల అవస్థ మనకు తెలియనిది కాదు. ఒక కంపెనీ చెప్పిన దారులను పొరపాటున రెండవ కంపెనీకి ప్రకటించినచో, ఆ రెండింటి నడుమ రాకపోకలు మన చిన్న కళాశాల మీదుగా ప్రవహించి దానిని ముంచివేస్తాయి. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్‌లోని ఒక నెట్‌వర్కు చేసిన తప్పు ప్రకటన వలన ప్రపంచంలో పలుచోట్ల యూట్యూబ్ అందకుండా పోయింది. కాబట్టి సొంత చిరునామాలు తప్ప మరేమీ ప్రకటించకుండ వడపోత నియమాలు పెట్టుట అత్యవసరం.

చివరిమాట. రెండు కంపెనీల తీగలూ ఒకే స్తంభాల మీద వచ్చినచో ఒకే తుపానుకు రెండూ తెగుతాయి. 2008 జనవరి 30న అలెగ్జాండ్రియా సమీపాన రెండు సముద్రపు కేబుళ్లు తెగినప్పుడు మన దేశమంతటా ఇంటర్నెట్ మందగించింది. కావున సంతకం చేయకముందే ఏ తీగ ఏ దారిన వస్తున్నదో అడిగి, వీలైనచో నడిచి చూడాలి. కాగితం మీద పేర్లు రెండైనంత మాత్రాన దారులు రెండు కావు.