పుట్టగొడుగులు – అడవికి చేసే సేవ

ఏవైనా ఒక్కసారిగా ఎక్కువగా వెలిస్తే "పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి" అంటాము. రాత్రికి రాత్రి పుట్టి, రెండు రోజులలో పోతాయని మన భావము. అది సగము మాత్రమే నిజము. మామిడిచెట్టుకు పండు ఎటువంటిదో, మనకు కనిపించే గొడుగు అటువంటిది. అసలు శరీరము సన్నని దారముల అల్లికగా మట్టిలోనో, కుళ్ళిన కొయ్యలోనో నెలల తరబడి, ఒక్కొక్కచోట ఏండ్ల తరబడి జీవిస్తుంది. తగిన వాన పడినప్పుడు గొడుగు విప్పి, పొడి వంటి సిద్ధబీజములను గాలికి వదులుతుంది. బూజులతో సహా ఈ జీవులన్నింటినీ శిలీంధ్రములు అంటారు.

ఇంతవరకు పేరు పెట్టిన శిలీంధ్రములు సుమారు 1,50,000 రకములు. మొత్తము 22 లక్షల నుండి 38 లక్షల వరకు ఉండవచ్చునని 2017లో ఒక అంచనా వెలువడినది. మన మలేసియా అడవులలో ఇంకా పేరు లేనివి ఎన్నో ఉన్నవి. సరవాక్‌లోని లంబీర్ హిల్స్ జాతీయ వనములో 2010లో నారింజరంగు పుట్టగొడుగు ఒకటి దొరికినది. పిండి వదిలితే స్పాంజి వలె మరల ఉబ్బుతుంది. మరుసటి సంవత్సరము దానికి స్పాంజ్‌బాబ్ అనే కార్టూన్ బొమ్మ పేరు పెట్టారు.

ఇవి అడవికి చేసే పనులలో మూడింటిని చూద్దాము.

మొదటిది, కూలిన మానును మట్టిగా మార్చుట. కొయ్యకు గట్టితనమునిచ్చే లిగ్నిన్‌ను పూర్తిగా విడగొట్టగలవి ముఖ్యముగా శిలీంధ్రములే. మన అడవి నేలలోని సారమును భారీ వానలు కడిగివేస్తాయి. రాలిన ఆకులు, కొమ్మల నుండి ఆ సారము తిరిగి రాకపోతే అడవి నిలువదు.

రెండవది, చెట్టుతో పొత్తు. మెరాంటి, కెరూయింగ్ చెట్ల వేరుకొనలను శిలీంధ్రపు దారములు తొడుగు వలె చుట్టుకొని ఉంటాయి. అవి మట్టి నుండి భాస్వరము, నీరు తెచ్చి ఇస్తాయి. చెట్టు తాను తయారుచేసిన చక్కెరలో వాటికి భాగమిస్తుంది. ఉత్తరాంధ్రలోని సాలవృక్షము, అనగా గుగ్గిలపు చెట్టు, మెరాంటికి దగ్గర బంధువు. దాని వేళ్ళకూ ఇటువంటి పొత్తు ఉన్నది.

మూడవది, చెదలతో సేద్యము. కొన్ని జాతుల చెదపురుగులు ఆకులు, కొయ్య తెచ్చి, పుట్టలోపల శిలీంధ్రమును పెంచి తింటాయి. వానలకు ఆ శిలీంధ్రమే పుట్టపై గొడుగులెత్తుతుంది. "పుట్ట గొడుగు" అన్న మాట వినండి! మలాయివారు దీనినే చెందావన్ బుసుత్ అంటారు. బుసుత్ అన్నా పుట్టయే. సముద్రమునకు ఇటూ అటూ ఉన్నవారు ఒకే సంగతి గమనించి ఒకే విధముగా పేరు పెట్టారు.

అడవిని నరికి ఒకే జాతి చెట్లను వరుసలుగా నాటితే ఏమగునో తోటలలో పెరిగిన మన పెద్దలకు తెలుసు. రబ్బరుకు వచ్చే తెల్లవేరు తెగులు కూడా శిలీంధ్రమే. నేలలో మిగిలిన పాత మొదళ్ళలో దాగి, వేరు నుండి వేరుకు పాకి, చెట్టు వెంట చెట్టును చంపుతుంది. పలుజాతుల చెట్లు కలిసి ఉన్న అడవిలో దానికి అంత విజృంభణ లేదు.

కావున అడవిని కాపాడుట అంటే చెట్లను, పులులను కాపాడుట మాత్రమే కాదు. 4,343 చదరపు కిలోమీటర్ల తమాన్ నెగారాలో కుళ్ళుతున్న మానును కదపకుండా ఉంచుట కూడా రక్షణయే. పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళినప్పుడు వంగి నేలను చూడమని చెప్పుదము. చూడవలెను గాని కోయరాదు. బయట దొరికినవి కూడా బాగా తెలిసినవారు గుర్తించనిదే తినరాదు. విషము ఉంటే వెండి చెంచా నల్లబడుతుందన్న మాట నమ్మదగినది కాదు.

చచ్చిన రబ్బరు కొయ్యపై మొలిచే చెందావన్ కుకుర్‌ను కోసి కూర వండిన పెద్దలు మనలో ఇంకా ఉన్నారు. ఏది తినవచ్చునో, ఏది తినరాదో, ఏ వానకు ఏది మొలుచునో వారికి తెలుసు. మన కుటుంబములు తోటలు విడిచి పట్టణములకు చేరినవి. ఆ తెలివి పుస్తకములలో లేదు. వారిని అడిగి, పేర్లతో సహా వ్రాసి ఉంచుట మన పని.