పాత గచ్చుకు కొత్త పూత

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్ పరిసరాలలో సున్నపురాయికీ, సిమెంటు కర్మాగారాలకూ కొదవ లేదు. అయినా, ఆరుబయట పాత గచ్చుపై పరచిన పలుచని సిమెంటు పూత పెచ్చులుగా లేచిపోతే పెట్టిన ఖర్చంతా వృథా! చాలాసార్లు లోపం సిమెంటులో కాదు, అడుగు గచ్చును సిద్ధం చేయడంలోనే ఉంటుంది.

మొదట నాచు, నూనె మరకలు తొలగించి, ఉలితో గాట్లు పెట్టి, దుమ్ము కడిగివేయాలి. రాత్రంతా తడిపి, నిలిచిన నీటిని తుడిచి, సిమెంటు పాలు పూయాలి. అవి ఆరకముందే ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్లు ఇసుక కలిపి పరచాలి. పాత సందులపైనే కొత్త సందులు విడవాలి.

రాయ్‌పూర్ వేసవిలో ఎండ 45 డిగ్రీలకు చేరడం కద్దు. కాల్తున్న గచ్చు పూతలోని నీటిని పీల్చివేస్తుంది; కనుక సాయంత్రపు పని మేలు. పూత గట్టిపడ్డాక తడిగోనెలు కప్పి, కనీసం 7 రోజులు నీళ్లు పట్టాలి.

చివరకు కర్రతో తట్టి చూడండి. డొల్లమోత వినిపించినచోట పూత అంటుకోలేదన్నమాటే!