శని చూపు, కెమెరా చూపు

ప్రవాస సంఘాల సంచికలు తిరగేస్తే దేవుడి పేరుతో అచ్చయ్యే ఫోటోలు చాలావరకు రెండు రకాలు. ఒకటి, కింద నుంచి పైకి తీసిన గాలిగోపురం, దాని వెనక నీలాకాశం. రెండోది వేషం: కిరీటం పెట్టుకున్న మోడల్, చేతిలో పిల్లనగ్రోవి, కంప్యూటర్లో అద్దిన కాంతివలయం. రెండూ చూడముచ్చటగానే ఉంటాయి. అయితే వాటిలో భక్తి వస్తువుగా ఉంటుందే గానీ ఫోటో తీసిన తీరులో కనిపించదు. ఆచారం దేన్ని చూడమంటుంది, దేన్ని చూడొద్దంటుంది, ఎంతసేపు ఓపిక పట్టమంటుంది? ఆ కట్టుబాట్లే ఫ్రేమునీ వెలుగునీ షట్టర్ వేగాన్నీ నిర్ణయించినప్పుడు ధార్మిక విలువల్లోంచి కళ పుడుతుందని నా వాదన. దాన్ని పరీక్షించి చూడడానికి కాశీ దాకా పోనక్కర్లేదు. తుమకూరు జిల్లాలోని పావగడ చాలు.

పావగడ తాలూకా కర్ణాటకలో ఉన్నా దాదాపు చుట్టూరా ఆంధ్ర నేలే. ఇళ్లలో వినిపించేదీ ఎక్కువగా తెలుగే. ఊరికి పేరు తెచ్చింది శనిమహాత్ముడి గుడి. పురాణాల లెక్కన శని సూర్యుడికి ఛాయాదేవి వల్ల పుట్టినవాడు. వెలుగూ నీడా తల్లిదండ్రులైన దేవుడంటే ఫోటోగ్రాఫర్‌కి అంతకంటే దగ్గరి చుట్టం ఎవరు? చిక్కల్లా ఆయన చూపుతోనే. భార్య శాపం వల్ల ఆయన చూసిందల్లా నాశనమవుతుందనీ, పార్వతి బలవంతం మీద చూసినందుకే వినాయకుడి తల పోయిందనీ బ్రహ్మవైవర్త పురాణం కథ. శని ఎదుట సూటిగా నిలబడకుండా కాస్త పక్కకి ఒదిగి దణ్ణం పెట్టుకునే అలవాటు అందుకే చాలామందిలో ఉంది. కెమెరా పనేమో కన్నార్పకుండా చూడడం. ఈ దేవుడి ముందు అది కూడా పక్కకి ఒదగాలి.

పక్కకి ఒదగడం వల్ల ఫోటోకి నష్టమేమీ లేదు. శని ఆరాధనలో కనిపించే నల్లగుడ్డలో కట్టిన నువ్వుల మూటనే తీసుకోండి. నూనెలో తడిపి వెలిగించిన ఆ మూట మంటకి సరిపడా ఎక్స్‌పోజర్ పెడితే చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు చీకట్లోకి వెళ్లిపోతాయి. ముఖాలకి సరిపడా పెడితే మంట తెల్లటి మచ్చగా మిగులుతుంది. మామూలుగా ఫ్లాష్‌తోనో, తర్వాత కంప్యూటర్లోనో ఈ తేడాని పూడుస్తారు. ఇక్కడ పూడ్చకూడదు. మంటకే కొలిచి చీకటిని చీకటిగా వదిలేస్తే నూనె జిడ్డు మెరిసే వేళ్లూ, గుడ్డ అంచూ మాత్రమే పైకి తేలతాయి. నూనె పోసిన నల్లరాయికీ ఇదే వర్తిస్తుంది. ఆ రాతికి రూపం తెచ్చేది దాని మీది మెరుపే కాబట్టి, ఫిల్టర్ వేసి దాన్ని తగ్గిస్తే రాయి చదునైపోతుంది. ప్రదక్షిణలు తీసేటప్పుడు షట్టర్‌ని అర సెకను తెరిచి ఉంచితే స్తంభం నిలుస్తుంది, మనుషులు చెదిరిపోతారు. రాశిచక్రం చుట్టి రావడానికి దాదాపు ముప్పై ఏళ్లు తీసుకునే గ్రహానికి సెకనులో వెయ్యోవంతు వేగం ఏం నప్పుతుంది?

విలువలు కంటికి కనిపించేవి కావు, మరి వాటిని ఫోటో తీసేదెలా అనే ఆక్షేపణ ఉంది. కలకత్తాలో పుట్టి, నలభై ఎనిమిదో ఏట కెమెరా పట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్ 1864లో సరిగ్గా ఆ పనికే పూనుకుంది. బైబిల్లోని ఆత్మఫలాల పేర్లతో, ప్రేమ మొదలుకొని ఆశానిగ్రహం దాకా, ఒక్కో గుణానికి ఒక్కొక్కటి చొప్పున తొమ్మిది ఫోటోలు తీసి మరుసటి ఏడు బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చింది. అందులో మరియమ్మగా కూర్చున్నది ఆమె ఇంటి పనిమనిషి మేరీ హిలియర్. హంగులు పెద్దగా లేవు: తలమీద ముసుగు, ఒళ్లో పిల్లలు, మెత్తబడిన రేఖలు. నిజం చెప్పాలంటే పేర్లు చెరిపేస్తే ఏది సంతోషమో ఏది సాత్వికమో పోల్చడం కష్టం. ఆక్షేపణలో సగం ఒప్పుకోవాల్సిందే. పేరు తగిలించినంత మాత్రాన గుణం రాదు. కానీ ఎక్కువసేపు కదలకుండా కూర్చోవలసిన ఆ కాలపు ఎక్స్‌పోజర్ వల్ల ఆ ముఖాల్లోకి వచ్చిన నిదానం మాత్రం అబద్ధం కాదు.

వేషాన్నే జనం పూజించలేదా అని ఇంకొకరు అడగొచ్చు. పూజించారు. 1957 నాటి 'మాయాబజార్' తర్వాత కృష్ణుడి వేషంలోని ఎన్టీఆర్ ఫోటో ఎన్నో ఇళ్లలో దేవుడి పటాల సరసన చేరింది. అయితే ఆ పటం వెనక జనం తెరమీద చూసిన కథంతా ఉంది, ఆ బలం సంచికలోని మోడల్‌కి లేదు. బెంగళూరు కళాకారిణి పుష్పమాల ఎన్. దారి వేరు. క్లేర్ ఆర్నీతో కలిసి 2000-2004 మధ్య చేసిన ఫోటోల వరుసలో ఆమె రవివర్మ లక్ష్మిగా తానే నిలబడింది. అది వేషమేనని దాచకుండా చూపించడమే ఆ పనిలోని నిజాయితీ. ఆమె చేసింది భక్తి కాదు, భక్తి బొమ్మల మీద ప్రశ్న. మనవాళ్ల వేషాలు అటు పూజకీ ఇటు ప్రశ్నకీ కాకుండా పోతున్నాయి.

ఇంతకంటే గట్టి ఆక్షేపణ హేతువాదులది: శని భక్తి అంటే భయమేగా, భయానికి అందాలద్దడం దేనికి? భయంతో వ్యాపారం నడుస్తున్న మాట కాదనలేం. కాకుల గుంపూ మెరుపులూ పెట్టి తీసే ఫోటో ఆ వ్యాపారానికే పనికొస్తుంది. కానీ శని కథల్లో భయం కింద ఇంకో మాటుంది. చేసిన దానికి ఫలితం ఉంటుంది, సిఫార్సు చెల్లదు, ఏడున్నరేళ్లయినా గడవాల్సిందే. ఫోటోకి అందే విలువ ఆ ఓర్పే. ఇక్కడికి వచ్చేవాళ్లలో కష్టంలో ఉన్నవాళ్లు ఎక్కువ కాబట్టి వాళ్ల ముఖాలు తీసుకోకపోవడం మర్యాద. చేతులు, వీపులు, పాదాలు సరిపోతాయి. దాపునే ఉన్న లేపాక్షిలో, పదహారో శతాబ్దపు చిత్రకారులు గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణలని సైతం చేతులు జోడించిన భక్తుల్లో భాగంగానే గీశారు. డబ్బు పెట్టినవాడు బొమ్మలో ఎక్కడ నిలబడాలో తెలిసిన కళ అది. దాతల ఫోటోలకి ఎన్ని పేజీలివ్వాలో తేల్చుకోలేని సంచికలకి పనికొచ్చే పాఠమే.

పావగడ తాలూకాలోనే తిరుమణి చుట్టుపక్కల దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు ఉంది. కరవు సీమ రైతుల నుంచి భూమిని కొనకుండా, మొదట ఎకరాకి ఏడాదికి 21,000 రూపాయల లెక్కన కౌలుకి తీసుకున్నారు. ఒకప్పుడు పైరుని మాడ్చిన ఎండే ఇప్పుడు కౌలు తెస్తోంది. తండ్రీకొడుకులైన సూర్యుడికీ శనికీ జ్యోతిషం ఒప్పుకున్న వైరం కూడా ఉంది. పలకల వరుసలు నేలమీద వేసే నీడచారల్లో ఆ కథ మొత్తం కనిపిస్తుంది. దేవుడి బొమ్మే లేకపోతే అది భక్తి ఫోటో ఎలా అవుతుందని పెద్దలు అడుగుతారు. ఇంటి పూజగదిలో పెట్టడానికి అది పనికిరాదు, ఆ మాట ముందే ఒప్పుకుంటాను. సంచికలో మాత్రం అచ్చు వేయొచ్చు. కింద శని పేరు రాయాలా అంటే, నేనైతే ఊరి పేరూ తీసిన వేళా రాసి ఊరుకుంటాను.