టర్బైను వెనుక దారిలోనూ విద్యుత్తే!

తూర్పుగోదావరి జిల్లా జేగురుపాడు, వేమగిరి గ్యాస్ విద్యుత్ కేంద్రాల పక్కగా వెళ్లేవారి చూపు పొగగొట్టాల మీదే పడుతుంది. టర్బైను వెనుక క్రమంగా వెడల్పయ్యే మార్గం మాత్రం బయటికి కనిపించదు. దానినే డిఫ్యూజర్ అంటారు. వాడిన వాయువును సాగనంపడమే దాని పని అనుకుంటే పొరపాటు.

చివరి రెక్కలను దాటిన వాయువు దాదాపు 600 డిగ్రీల సెల్సియస్ వేడితో, సెకనుకు 200 మీటర్లు మించిన వేగంతో వస్తుంది. మార్గం విస్తరించేకొద్దీ వేగం తగ్గి పీడనం పెరుగుతుంది. మార్గం చివర పీడనం మారదు గనుక రెక్కల వెనుక అంతకంటే తగ్గుతుంది. ఆ మేరకు టర్బైను అదనపు శక్తినిస్తుంది.

గోదావరి కాలువల తూముల వద్ద రైతులు చూసేదీ ఇదే. ఇరుకు తూము దాటిన నీరు మెల్లగా విచ్చుకునే గోడల మధ్య నెమ్మదించి, మట్టం పెరుగుతుంది. ఒక్కసారిగా వెడల్పయితే సుడులు తిరిగి గట్టును కోస్తుంది. డిఫ్యూజర్ గోడలు మరీ విచ్చుకున్నా వాయువు వాటిని వదిలి సుడులు తిరుగుతుంది. మరీ పొడవుగా కడితే రాపిడి, ఖర్చు. తక్కువ లోడుపై నడిపితే వాయువు మెలితిరిగి వచ్చి, మార్గంలోని ఆధార స్తంభాలను వంకరగా తాకుతుంది. నష్టం పెరుగుతుంది.

ఈ మార్గంలో 10 సెంటీమీటర్ల నీటిమట్టమంత పీడనం అదనంగా అడ్డుపడితే ఉత్పత్తి సుమారు 0.4 శాతం తగ్గుతుందని ఇంజినీర్ల లెక్క. 200 మెగావాట్ల టర్బైనుకు అది 800 కిలోవాట్లు! 2013లో కేజీ-డి6 గ్యాస్ నిలిచి వేమగిరి వంటి కేంద్రాలు పడిన అవస్థ తెలిసినవారికి ఇది చిన్న లెక్క కాదు. ఆవిరి బాయిలరు గొట్టాలపై తుప్పు పేరుకున్నా ఇదే అడ్డు ఏర్పడుతుంది. అందుకే షట్‌డౌన్ సమయంలో వాటిని శుభ్రం చేస్తారు.