ఆటగాడి చేతికే పనిముట్లు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఏ ఊరైనా కానీ, సాయంత్రం నలుగురు కుర్రాళ్ళు ఒకచోట తలలు వంచుకుని కూర్చున్నారంటే వాళ్ళ ఫోన్లలో బీజీఎంఐయో ఫ్రీ ఫైర్ మ్యాక్సో నడుస్తూ ఉండడానికే అవకాశం ఎక్కువ. దాక్కోవడం, కాల్చడం, ఓడిపోతే మళ్ళీ మొదలెట్టడం. పెద్దవాళ్ళకు కనిపించేది ఇంతే. కానీ ఆ రెండు ఆటల్లోనూ ఇంకో తలుపు ఉంది. బీజీఎంఐలో దాని పేరు వరల్డ్ ఆఫ్ వండర్, ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లో క్రాఫ్ట్‌ల్యాండ్. ఆ తలుపు తీస్తే పిల్లవాడి చేతికి గోడలు, మెట్లు, వంతెనలు, నియమాలు వస్తాయి. తన మ్యాప్ తానే కట్టుకుని, దాన్ని ముక్కూమొహం తెలియని వాళ్ళ చేత ఆడించవచ్చు.

ఈ పని ఫోన్లలోకి రావడానికి చాలా ముందే దాన్ని పూర్తి స్థాయిలో చేసి చూపిన ఆట లిటిల్‌బిగ్‌ప్లానెట్ 2. సోనీ ప్లేస్టేషన్ 3 కోసం 2011 జనవరిలో వచ్చింది. ఆ యంత్రం అప్పట్లో మన మధ్యతరగతి ఇళ్ళకు అందే ధరలో లేదు కాబట్టి సీమ ఊళ్ళలో దాన్ని ఆడినవాళ్ళు తక్కువే అయి ఉంటారు. అయినా దాని కథ ఇప్పుడు తెలుసుకోవలసినదే.

ఇంగ్లండులోని గిల్‌ఫర్డ్ పట్టణంలో 2006లో మీడియా మాలిక్యూల్ అనే చిన్న సంస్థ మొదలైంది. మార్క్ హీలీ, అలెక్స్ ఎవాన్స్, డేవ్ స్మిత్, కరీమ్ ఎట్టూనీ దాని స్థాపకులు. వాళ్ళ మొదటి ఆట లిటిల్‌బిగ్‌ప్లానెట్ 2008లో వచ్చింది. అందులో నాయకుడు శాక్‌బాయ్, ఊలుతో అల్లినట్టుండే చిన్న బొమ్మ. వాడు దూకుతూ, వేలాడుతూ, బరువులు లాగుతూ సాగిపోతుంటాడు. సంస్థ తయారుచేసిన లెవెళ్ళలో మన దేశం పోలికలతో, ఏనుగులతో, గుళ్ళతో ఒక లోకం కూడా ఉండేది. అసలు సంగతి వేరే. ఆ లెవెళ్ళు కట్టడానికి వాడిన పనిముట్లన్నీ ఆటతోపాటే కొన్నవాళ్ళకు ఇచ్చేశారు. ఆడు, కట్టు, పంచు అన్నది వాళ్ళ నినాదం.

జనం లక్షల్లో లెవెళ్ళు కట్టారు. అంతటితో ఆగలేదు. ఆ ఆటలో లెక్కలు చేసే పరికరం ఏదీ లేదు. ఉన్నవల్లా పిస్టన్లు, తాళ్ళు, అయస్కాంతపు స్విచ్చులు. వాటినే వందల సంఖ్యలో తెర అంచు అవతల పేర్చి, కూడికలు తీసివేతలు చేసే క్యాలిక్యులేటర్ కట్టినవాళ్ళున్నారు. ఒక లెవెల్లో ఎంత సామాను పట్టిందో చూపడానికి పక్కన ఓ థర్మామీటర్ ఉంటుంది. అది నిండిందంటే ఇంకేమీ పెట్టడానికి వీల్లేదు. ఆ హద్దు లోపలే ఇన్ని చేశారు.

రెండో భాగం తీసేటప్పుడు చాలా కంపెనీలు చేసే పని ఒకటుంది: ఇంకొన్ని లెవెళ్ళు, ఇంకాస్త మెరుగైన బొమ్మలు. మీడియా మాలిక్యూల్ మాత్రం ఆటగాళ్ళు ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో చూసింది. పిస్టన్లతో కుస్తీ పట్టే వాళ్ళకు మైక్రోచిప్ ఇచ్చింది. దాని సర్క్యూట్ బోర్డు తెరిచి అందులో యాండ్, ఆర్, నాట్ గేట్లు, టైమర్లు, లెక్కపెట్టే పరికరాలు పెట్టి తీగలు కలపవచ్చు. శాక్‌బాట్ అనే బొమ్మలకు నడవమనో, వెంటపడమనో, పారిపొమ్మనో నేర్పవచ్చు. కంట్రోలినేటర్ అనే కుర్చీలో శాక్‌బాయ్‌ని కూర్చోబెడితే చేతిలోని మీటలను కారుకో, విమానానికో, తాను కట్టిన ఏ వస్తువుకైనా జత చేయవచ్చు. సంగీతం కూర్చే పరికరం, సినిమాలాగా షాట్లు తీసే కెమెరాలు వేరే. దూకే ఆటగా మొదలైనది పందేల ఆట, పజిల్, చిన్న సినిమా, ఏదైనా కాగలిగింది. మొదటి భాగంలో జనం కట్టిన లెవెళ్ళు కూడా రెండో భాగంలో నడిచాయి. ఈ నిర్ణయాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే. పాత కష్టాన్ని చెత్తబుట్టలో వేయకుండా కొత్తది అమ్మిన సంస్థలు అరుదు.

ఆ గేట్లు ప్రొద్దుటూరు జూనియర్ కాలేజీ పిల్లలకు కొత్తవి కావు. ఇంటర్ రెండో సంవత్సరం ఫిజిక్సులో సెమీకండక్టర్ల పాఠంలో అవే వస్తాయి. ఒకటి, సున్నా అంటూ పట్టికలు బట్టీపట్టి, పరీక్షలో గీసి వదిలేస్తారు. ఈ ఆటలోనైతే రెండు స్విచ్చులూ ఒకేసారి నొక్కితేనే తెరుచుకునే తలుపు కావాలి. అది యాండ్ గేట్. ఏ ఒక్కటి నొక్కినా తెరుచుకోవాలంటే ఆర్. కాపలావాడు చూడనప్పుడే తెరుచుకోవాలంటే నాట్. తలుపు తెరుచుకోకపోతే తప్పు ఎక్కడుందో తనే వెతుక్కోవాలి. పాఠ్యపుస్తకంలో రెండు పేజీలుండే విషయం ఒక సాయంత్రంలో ఒంటబడుతుంది.

లెవెల్ కట్టడమంటే వస్తువులు పేర్చడం కాదు. జమ్మలమడుగు అమ్మాయి ఒకతె గండికోటను లెవెల్‌గా కట్టాలనుకుందని అనుకుందాం. కోటగోడ, పావురాల గోపురం, ధాన్యాగారం, జైలు, మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, చివర్న పెన్నా నది కోసిన లోయ. ఇవన్నీ వరసగా నిలబెడితే బొమ్మల కొలువు అవుతుందే గాని ఆట కాదు. చివర్లో లోయ మీదుగా పెద్ద దూకు ఉందనుకుంటే, ఆ దూకు ఎలా వేయాలో ఆటగాడికి ముందే తెలియాలి. కాబట్టి కోట ద్వారం దాటగానే పడినా ఏమీ కాని చిన్న గుంత ఒకటి పెట్టాలి. ధాన్యాగారంలో అదే దూకును చీకట్లో చేయించాలి. జైలు దగ్గర తాళం పజిల్, అక్కడ ఊపిరి తీసుకోవడానికి కాస్త చోటు. గుడి గోపురం ఎక్కాక లోయ మొత్తం ఒక్కసారిగా కనిపించాలి. అప్పుడే ఆ చివరి దూకుకు భయం, సరదా రెండూ వస్తాయి.

కట్టాక తమ్ముడి చేతికిచ్చి, నోరు మెదపకుండా పక్కన కూర్చుని చూడాలి. ‘అక్కడ కాదురా, ఇక్కడ దూకు’ అని చెప్పాల్సి వచ్చిందంటే లోపం తమ్ముడిలో లేదు, లెవెల్లో ఉంది. నింటెండో కోసం షిగెరు మియామోటో బృందం 1985లో చేసిన సూపర్ మారియో బ్రదర్స్ మొదటి లెవెల్ ఈ విద్యకు ఇప్పటికీ పాఠమే. ఒక్క మాట రాయకుండా, ఎదురుగా ఒక శత్రువును నడిపించి, దూకడం నేర్పేస్తుంది.

ఆ నింటెండోయే 2015లో సూపర్ మారియో మేకర్, 2019లో దాని రెండో భాగం తెచ్చింది. అందులో ఒక నియమం ఉంది: తాను కట్టిన లెవెల్‌ను తాను ఆడి గెలిచి చూపితేనే అది ప్రపంచానికి వెళ్తుంది. ఎవరూ దాటలేని గోడ కట్టి నవ్వుకునేవాళ్ళను ఇంత తేలికగా ఆపిన పద్ధతి మరొకటి లేదు.

ఈ ఆటలు కొందరికి జీవనోపాధి కూడా చూపాయి. లిటిల్‌బిగ్‌ప్లానెట్‌లో అద్భుతమైన లెవెళ్ళు కట్టిన ఒక నిర్మాణ పనివాణ్ణి మీడియా మాలిక్యూల్ పిలిచి ఉద్యోగమిచ్చింది. ఇక కట్టుకునే ఆటల్లో అన్నిటికన్నా పెద్దది మైన్‌క్రాఫ్ట్. దాన్ని 2014లో మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లకు కొన్నప్పుడు ఆ సంస్థ పగ్గాలు సత్య నాదెళ్ల చేతిలో ఉన్నాయి. ఆయన పూర్వీకులది అనంతపురం జిల్లా బుక్కాపురం. 2023 నాటికి మైన్‌క్రాఫ్ట్ 30 కోట్ల ప్రతులు దాటింది.

అయితే బాధపడవలసిన సంగతి ఒకటుంది. లిటిల్‌బిగ్‌ప్లానెట్‌లో జనం పంచుకున్న లెవెళ్ళన్నీ ఉండేది సోనీ సర్వర్లలో. 2021లో ప్లేస్టేషన్ 3లోని లిటిల్‌బిగ్‌ప్లానెట్ సర్వర్లను శాశ్వతంగా మూసేశారు. ప్లేస్టేషన్ 4లో మూడో భాగం ద్వారా పాత లెవెళ్ళు ఇంకొన్నాళ్ళు ఆడగలిగారు గాని, 2024 జనవరిలో అవీ ఆగిపోయాయి. ఏప్రిల్‌లో, ఇక తిరిగి ఎప్పుడు తెరుస్తామో చెప్పలేమంటూ ప్రకటన వచ్చింది. పదిహేనేళ్ళకు పైగా పిల్లలూ పెద్దలూ కట్టినదంతా ఒక ప్రకటనతో అందకుండా పోయింది. అదృష్టం కొద్దీ అభిమానులు చాలా లెవెళ్ళను ముందే దింపుకుని దాచారు. సొంత సర్వర్లు నడుపుతూ కొన్నిటిని మళ్ళీ ఆడిస్తున్నారు కూడా.

మన ఫోన్లలోని మ్యాపులకూ ఇదే ప్రమాదం ఉంది, పైగా ఇక్కడ ఇంకో కారణం కూడా కలుస్తుంది. 2022 ఫిబ్రవరిలో కేంద్రం ఫ్రీ ఫైర్‌ను నిషేధించింది, మ్యాక్స్ మాత్రం మిగిలింది. అదే ఏడాది జూలైలో బీజీఎంఐ యాప్ స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో గాని తిరిగి రాలేదు. అందుకే లెవెళ్ళు కట్టడం మీద మనసున్న పిల్లలకు స్క్రాచ్‌తో మొదలుపెట్టమని చెప్పడం మంచిది. అమెరికాలోని ఎంఐటీ 2007లో విడుదల చేసిన ఈ సాధనం పూర్తిగా ఉచితం. బళ్ళోని పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. రంగురంగుల ముక్కలు అతికించి ఆట తయారు చేయడమే దాని పద్ధతి. చేసినదాన్ని ఫైలుగా పెన్‌డ్రైవులో వేసుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు, మరో కంప్యూటర్లో తెరిచి మిగిలినది కట్టుకోవచ్చు.