నాన్న హార్మోనియంకి ఫోన్‌తో శ్రుతి: పనయ్యిందా?

మా పెద్ద కొడప్‌గల్‌లో పియానో నేనైతే చూడలేదు. మా ఇంట్లో నాన్న భజనకి వాయించే హార్మోనియం ఉంది. ఈమధ్య ఒక మెట్టు నొక్కితే చాలు, 'వావ్ వావ్' అని స్వరం ఊగుతోంది. బాన్సువాడలో అడిగితే హైదరాబాద్ తీసుకెళ్లమన్నారు. నేను జీస్ట్రింగ్స్ అనే ట్యూనర్ యాప్ వేసుకున్నా.

ఫ్యాన్ ఆపి, ఫోన్ అడుగు దూరంలో పెట్టా. యాప్‌లో 'ఎ' స్వరం 440 హెర్ట్జ్ అని ఉంటుంది. దాన్ని పట్టుకుని గీకడం మొదలెట్టకండి! ముందు బాగున్న మెట్లు చూడండి. మావన్నీ 442 లెక్కకి సరిపోయాయి, అందుకే యాప్‌నే 442కి మార్చా. పాడైన రీడ్ 15 సెంట్లు తక్కువ (అర స్వరానికి 100 సెంట్లు).

బ్రష్‌తో దుమ్ము దులిపితే 9కి వచ్చింది. ఇత్తడి రీడ్ కొస సన్నగా గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. నేను కొస ఎక్కువ గీకేశా, 6 సెంట్లు పైకి పోయింది. చెమటలు పట్టాయి. పోయిన ఇత్తడి మళ్లీ రాదు కదా! మొదట్లో రెండు గీతలు గీసి సున్నాకి దించా. ఊగడం ఆగింది.

సాయంత్రం నాన్న వాయించి, "గాంధారం కొంచెం ఎక్కువుంది రా" అన్నాడు. స్క్రీన్ చూపించా, సున్నా. ఆయన ఒప్పుకోలేదు. తర్వాత లెక్క చూస్తే, యాప్ పన్నెండు స్వరాలనీ సమానంగా పంచుతుంది. షడ్జంతో కలిసే అసలు గాంధారం దానికన్నా దాదాపు 14 సెంట్లు కిందే ఉంటుంది.